కుండీలో కొత్తిమీర: గోదావరి డెల్టా ఇళ్ళవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాలకొల్లు పక్కన పల్లె. డాబా మీద, వరండా అంచున, ఆఖరికి నూతి గట్టు మీద కూడా కొత్తిమీర వేసి చూశాను. మొదటి రెండేళ్ళూ మొలిచినదానికన్నా చచ్చిందే ఎక్కువ. ఇప్పుడు కార్తీకం నుంచి మాఘం దాకా మా ఇంట్లో కొత్తిమీర కొనే పని లేదు. చుట్టాలు, ఇరుగుపొరుగు ఫోన్లు చేసి మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ కలిపి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఏది వేసినా పండే నేల కదండీ మనది, పెరట్లో చల్లేస్తే పోదా? కుండీలెందుకు?

ఏది వేసినా పండుతుంది, ఒప్పుకుంటాను. కొత్తిమీర మాత్రం ఆ లెక్కలోకి రాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలెట్టాక ఇది వరి సీమ అయింది. మన నల్లమట్టి నీళ్ళు పట్టుకుని వదలదు. వరికి అదే కావాలి. కొత్తిమీరది నిలువుగా దిగే తల్లివేరు, దాని చుట్టూ నీళ్ళు నిలిస్తే రెండు మూడు రోజుల్లో కుళ్ళిపోతుంది. లంక ఊళ్ళవాళ్ళ సంగతి వేరు. గోదావరి వదిలిపోయిన ఇసుక కలిసిన ఒండ్రులో వాళ్ళకి ఏ కూరైనా హాయిగా వస్తుంది. మిగతావాళ్ళకి కుండీయే నయం. పైగా వాయుగుండం అనగానే కుండీని ఎత్తి చూరు కిందకి చేర్చొచ్చు. పెరటి మడిని ఎక్కడికి చేరుస్తాం?

ఎప్పుడు వేయాలి?

పగలు 30 డిగ్రీలు దాటకుండా, రాత్రి కాస్త చలి తగిలే రోజులు దీనికి ఇష్టం. మన దగ్గర అంటే కార్తీక మాసం మొదలుకుని మాఘం దాకా. ఇంగ్లీషు నెలల్లో చెప్పాలంటే అక్టోబరు ఆఖరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు విత్తుకోవచ్చు. ధనుర్మాసంలో ముగ్గులేసే పొద్దున కుండీల మీద మంచు పట్టి ఉంటుంది చూడండి, ఆకు అప్పుడు వచ్చినట్టు ఇంకెప్పుడూ రాదు.

చిక్కల్లా మొదట్లోనే. అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల నెలలు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అంత పెద్దది రాకపోయినా మూడు రోజుల ముసురు చాలు, అప్పుడే తలెత్తిన మొలకని ముంచేస్తుంది. అందుకని మొదటి విడత కుండీలు తేలిగ్గా ఎత్తగలిగేవి అయి ఉండాలి.

వానాకాలంలో కష్టపడితే కొంచెం వస్తుంది. ఇక్కడో తమాషా ఉంది. పులస చేప వచ్చే శ్రావణ భాద్రపదాల్లోనే ఇంట్లో కొత్తిమీర ఉండదు, బజార్లో కట్ట చూస్తే పిలక కట్టినంత, ధర చూస్తే గుండె గుభేల్. చేపకి అంత పోసినవాళ్ళం కొత్తిమీర దగ్గర బేరమాడి ఏం లాభంలెండి.

ఒకేసారి పెద్ద కుండీ నిండా వేసుకుంటే సీజనంతా వస్తుందా?

రాదు. కొత్తిమీర కరివేపాకు చెట్టు లాంటిది కాదు. దాని బతుకు రెండు మూడు నెలలు, అందులో మనకి ఆకిచ్చేది నెలా నెలన్నర. కాబట్టి నాలుగు చిన్న కుండీలు పెట్టుకుని రెండు వారాలకొకటి చొప్పున విత్తండి. నాలుగోది వేసేసరికి మొదటిది కోతకొస్తుంది. మా ఇంట్లో పౌర్ణమికొకటి, అమావాస్యకొకటి. తిథికి మొక్కకి సంబంధం ఉందని కాదు, క్యాలెండర్లో గుర్తుంటుందని.

ఎలాంటి కుండీ కావాలి?

లోతు 6 నుంచి 8 అంగుళాలు ఉండాలి. ఎంత వెడల్పుంటే అంత మంచిది. అడుగున చిల్లులుండాలి. అంతకుమించి నియమమేమీ లేదు. పెయింటు డబ్బా, పగిలిన బకెట్టు, గ్రో బ్యాగు, ఏదైనా సరే. కొబ్బరి చిప్పల్లో వేసిన ఫొటోలు అందరూ పంపుతుంటారు, చూడ్డానికి బాగుంటాయి, కోసుకోవడానికి ఏమీ ఉండదు.

నాకు నచ్చింది మాత్రం రొయ్యలు, చేపలు ఐసులో పెట్టి పంపే తెల్ల థర్మోకోల్ పెట్టె. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల ఇవి ఊరికే పడి ఉంటాయి. తేలిక, వెడల్పు, లోతు సరిపోతుంది. గోడ మందంగా ఉండడం వల్ల డాబా వేడి వేరు దాకా పోదు. తెచ్చాక సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించండి. ఉప్పూ పోవాలి, వాసనా పోవాలి. వాసన పోకపోతే ఊళ్ళో పిల్లులన్నీ మీ డాబా మీదే కాపురం పెడతాయి. అడుగున స్క్రూడ్రైవరుతో పది పన్నెండు చిల్లులు పొడవండి. ఇనపచువ్వ కాల్చి పెట్టకండి, థర్మోకోల్ కరిగి గిన్నెంత కన్నం పడుతుంది, పొగ కూడా మంచిది కాదు. పెట్టెని రెండు ఇటికల మీద ఎత్తి పెట్టండి. కింద పళ్ళెం వద్దు, నీళ్ళు నిలిస్తే వేరుకి చేటు, దోమలకి పండగ.

మట్టి ఎలా కలపాలి?

అసలు విషయం ఇక్కడే ఉంది. మొదటి ఏడాది మా చేలో మట్టి తెచ్చి నింపాను. వరి పండే మట్టి కంటే మంచిదేముంటుందని నా ధీమా. వారం తిరిగేసరికి పైన బీటలు, లోపల బంకముద్ద. వేలు పెడితే దిగలేదు. చేలో మట్టి చేలో బాగుంటుంది, కుండీలో ఇటికైపోతుంది.

ఇప్పుడు నేను కలిపేది ఇది: ఒండ్రుమట్టి లేదా ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. మీకు దొరికేది నల్లమట్టే అయితే దాన్ని ఒక పాలుకి తగ్గించి, ఒక పాలు గోదావరి ఇసుక వేయండి. సముద్రపు ఇసుక పనికిరాదు, అందులో ఉప్పుంటుంది. కలిపాక గుప్పెట్లో పట్టి నొక్కండి. ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. ముద్ద ముద్దగానే ఉండిపోతే ఇంకొంచెం ఇసుక పడాలి.

కొబ్బరి పొట్టు గురించి ఒక మాట. కోనసీమలో పీచు తీసే చోట్ల ఇది గుట్టలుగా ఉంటుంది, అడిగితే సంచి నింపి ఇస్తారు. పచ్చి పొట్టులో ఉప్పు, వగరు రెండూ ఉంటాయి. నేను ఒకసారి కడక్కుండా కలిపేశాను. మొలకలు బాగానే వచ్చాయి, మూడో ఆకు దగ్గర అంచులన్నీ ఎవరో అగ్గిపుల్లతో చురక పెట్టినట్టు గోధుమరంగుకి తిరిగాయి. పొట్టుని తొట్టెలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టాలి. మొదటిసారి నీళ్ళు టీ డికాషన్‌లా దిగుతాయి. రంగు పలచబడేదాకా మూడుసార్లయినా కడగాలి.

పేడ పచ్చిది వేయొద్దు. వేడికి వేరు మాడుతుంది, పురుగూ చేరుతుంది. చేత్తో నలిపితే టీ పొడిలా రాలాలి, వాసన రాకూడదు. కడియం, కడియపులంక నర్సరీల వైపు వెళ్ళే పని పడితే మట్టి, ఎరువు, సంచులు అన్నీ ఒకేచోట తెచ్చుకోవచ్చు.

పచారీ కొట్లో కొన్న ధనియాలు మొలుస్తాయా?

చాలావరకు మొలుస్తాయి. పాతవి, వేయించినవి, పురుగుపట్టినవి మొలవవు. అనుమానముంటే ఇరవై గింజలు నలిపి తడిగుడ్డలో కట్టి పెట్టండి. పది రోజుల్లో సగానికి పైగా మొలకొస్తే ఆ ధనియాలు పనికొస్తాయి.

విత్తనాల కొట్టులో రకాలు దొరుకుతాయి. గుంటూరు దగ్గర లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) నుంచి వచ్చిన రకాల్లో సింధు, సాధన, స్వాతి ప్రధానంగా ధనియాల కోసం వేసేవి. ఆకు కోసమైతే ఆకు రకమని అడిగి తీసుకోండి. హైబ్రిడ్ ఆకు వెడల్పుగా, చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఘుమఘుమ మాత్రం నాటుదానికే ఎక్కువ అని నా అభిప్రాయం. ప్యాకెట్టులో గింజకి గులాబిరంగు పూత ఉంటే అది మందు. ఆ గింజలు వంటింట్లో పెట్టకండి, విత్తాక చేతులు కడుక్కోండి.

ధనియాలని నలపాలంటారు, నానబెట్టాలంటారు. రెండూ చేయాలా?

ధనియం ఒక గింజలా కనిపిస్తుంది కానీ అందులో రెండు బద్దలుంటాయి. ఒక్కో బద్దలో ఒక్కో మొక్క. విడదీస్తే రెండిటికీ నీళ్ళు తొందరగా అందుతాయి, మొక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వస్తాయి. రైతులు నేల మీద పోసి చెప్పుకాలితో రుద్దుతారు. నేనూ అదే చేయబోతే మా అత్తగారు, "తినే వస్తువుని కాలితో తొక్కుతావా, లక్ష్మి కాదూ!" అని అప్పడాల కర్ర చేతికిచ్చారు. పీట మీద పరిచి, కర్రని బరువేయకుండా దొర్లించాలి. టక్ మని చిన్న చప్పుడొస్తుంది, బద్దలు విడిపోతాయి. చప్పుడుకి బదులు పొడి కనిపిస్తే గట్టిగా నొక్కారన్నమాట, ఆ గింజలు రసంలోకి.

నానబెట్టడం రాత్రంతా చాలు. పొద్దున వడకట్టి, గుడ్డ మీద ఓ గంట ఆరనిచ్చి విత్తండి. ట్రైకోడెర్మా (మేలు చేసే ఒక రకం బూజు) పొడి దొరికితే చిటికెడు ఆ తడి గింజలకి పట్టించండి, కుళ్ళు తెగులు తగ్గుతుంది.

ఎన్ని గింజలు వేయాలి?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పున్న పెట్టెకి ఒక చిన్న టీస్పూను. నమ్మరు, నాకు తెలుసు. అందరూ గుప్పెడు పోస్తారు, వత్తుగా వస్తే నిండుగా ఉంటుందని. వత్తుగా వస్తే గాలి ఆడదు, కాడ సన్నబడుతుంది, ఒకటి కుళ్ళితే పక్కదానికి అంటుతుంది. నాలుగంగుళాల ఎడంతో మూడు గీతలు గీసి, గీతలో బద్దలు ఒకదాని మీద ఒకటి పడకుండా పలచగా వేయండి. పైన అరంగుళం మట్టి కప్పి, అరచేత్తో ఒకసారి అదమండి. తడి గోనెపట్టా కప్పి ఉంచితే తేమ ఆరదు, పిచ్చుకలూ ఉడతలూ గెలకవు. మొలక కనపడ్డ పూటే పట్టా తీసేయాలి, మర్చిపోతే పాలిపోయి సాగిపోతాయి.

పన్నెండు రోజులైంది, ఏమీ రాలేదు. పోయినట్టేనా?

ఇంకో నాలుగు రోజులు చూడండి. చలికాలంలో ఏడు నుంచి పది రోజుల్లో వస్తుంది, ఒక్కోసారి పదిహేను పడుతుంది. అప్పటికీ రాకపోతే ఒక మూల మట్టి తీసి చూడండి. గింజ మెత్తగా నలిగిపోతే నీళ్ళెక్కువ. గట్టిగా అలాగే ఉంటే పాతదో, తడి చాలలేదో. అసలు గింజే లేకపోతే చీమలు మోసుకుపోయాయి. కుండీ చుట్టూ పసుపు గీత గీయమంటారు, మా ఇంటి చీమలు దాన్ని దాటి మరీ వెళ్ళాయి. కుండీ కింద పెట్టిన ఇటికలని నీళ్ళ పళ్ళెంలో ఉంచడమే పనిచేసింది. ఆ పళ్ళెంలో నీళ్ళు మాత్రం రోజూ పారబోసి కొత్తవి పోయాలి.

రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు పోయాలి?

రోజుకి ఎన్నిసార్లు అన్న లెక్క వద్దు. చూపుడువేలు ఒక కణుపు దాకా మట్టిలో పెట్టండి. తడి తగిలితే ఆ రోజుకి నీళ్ళు మానేయండి. మన గాలిలోనే తేమ, చలికాలంలో రెండు రోజులకొకసారి కూడా సరిపోతుంది. నేను చూసినంతలో ఈ ప్రాంతంలో ఎండిపోయి చచ్చిన కొత్తిమీర కన్నా మునిగి చచ్చిందే ఎక్కువ. నీళ్ళకి కరువెరగని చెయ్యి కదా, చెంబు ఎత్తితే ఆగదు.

పొద్దున పోయండి, సాయంత్రం వద్దు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులొస్తుంది. నీళ్ళ సీసా మూతకి పిన్నీసుతో చిల్లులు పెట్టుకుని జల్లులా పోయండి. మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోయి, అక్కడొక గుత్తి, మిగతాదంతా బోడి.

మాది అంతర్వేది వైపు, బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. పోయొచ్చా?

మొలక దశలో పోయకండి. సముద్రం ఒడ్డు ఊళ్ళకీ, చెరువుల మధ్య ఊళ్ళకీ ఇదే బాధ. గుర్తు ఏమిటంటే మట్టి పైన తెల్లగా పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. కాలువ నీళ్ళు, పట్టి ఉంచిన వాననీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, ఇవి వాడుకోండి. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఎలాగూ కొత్తిమీర ఉండదు కాబట్టి ఆ దిగులు లేదు. తప్పక బోరు నీళ్ళే పోయాల్సి వస్తే, పది రోజులకొకసారి మంచినీళ్ళు కింద చిల్లుల్లోంచి కారేదాకా పోసి ఉప్పు కడిగేయండి. పంచాయతీ కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసనొస్తే రాత్రి బకెట్టులో పట్టి పొద్దున పోయండి.

రెండంగుళాలు వచ్చి ఒక్క రాత్రిలో అన్నీ వాలిపోయాయి. ఏమైంది?

కాడని మట్టి దగ్గర చూడండి. నీళ్ళు పట్టి దారంలా సన్నబడి ఉంటే అది నారుకుళ్ళు. వాలినవి లేవవు. వాటిని మట్టితో సహా తీసి పారేయండి, నీళ్ళు ఆపండి, కుండీని గాలి ఆడేచోట పెట్టండి. మిగిలినవి దక్కొచ్చు. అదే మట్టిలో వెంటనే మళ్ళీ విత్తకండి. ప్లాస్టిక్ పట్టా మీద పరిచి వారం రోజులు మంచి ఎండలో పెట్టి అప్పుడు వాడండి.

ఎండ ఎంత కావాలి?

పొద్దుటెండ నాలుగైదు గంటలు. తూర్పు వరండా అయితే అంతకంటే కావలసింది లేదు. కొబ్బరిచెట్ల నీడ పడే పెరడు చాలదు, కాడలు సాగి ఆకు తక్కువవుతుంది.

ఎరువు ఏం వేయాలి?

మట్టిలో కలిపిందే దాదాపు సరిపోతుంది. ప్రతి కోత తర్వాత జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టిన నీళ్ళు) ఒకటికి పది పాళ్ళు నీళ్ళు కలిపి పోస్తాను. అది లేనివాళ్ళు గుప్పెడు వేరుశనగ చెక్క రెండు రోజులు నానబెట్టి, బాగా పలచన చేసి పోయొచ్చు. యూరియా వద్దు. ఆకు ముదురాకుపచ్చగా ఏపుగా వస్తుంది, వాసన ఉండదు, పురుగు పిలవకుండా వస్తుంది. చేపలు కడిగిన నీళ్ళ గురించి అడుగుతారు. మంచిదే, కానీ పిల్లుల సంగతి ముందే చెప్పాను.

ఆకు వెనక పచ్చగా చిన్న పురుగులు, ఇంకో కుండీలో తెల్ల బూడిద. మందు కొట్టాలా?

పురుగులు పేనుబంక. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొట్టండి. వారం దాకా కోయకండి, కోశాక బాగా కడగండి, లేకపోతే చారు చేదెక్కుతుంది. కుండీ మీద ఎర్రగా చుక్కలున్న అక్షింతల పురుగు కనిపిస్తే ఏ మందూ కొట్టొద్దు, పేనుబంకని అదే తింటుంది.

తెల్లది బూడిద తెగులు. జనవరిలో పొగమంచు పట్టిన రోజుల్లో వస్తుంది. పట్టిన ఆకులు కోసి పారేసి, మొక్కలు పలచన చేయండి. కుండీ అంతా పాకితే బతికించే ప్రయత్నం చేయకండి. తినే ఆకు, అందులోనూ పచ్చిగా తినేది. దాని మీద గంధకం కొట్టి కాపాడుకోవడం కన్నా టీస్పూను ధనియాలు మళ్ళీ వేసుకోవడం చవక.

ఎలా కోయాలి?

మొదట్లో వత్తుగా ఉన్నచోట వేర్లతో పీకండి, ఇరవై రోజుల లేత మొక్క వేరుతో సహా పచ్చడికి బాగుంటుంది. ముప్ఫై అయిదు రోజులప్పుడు అసలు కోత. బయటి రెమ్మలని కత్తెరతో కోసి, నడిమి చిగురుని వదిలేయండి. రెండంగుళాల మొదలు ఉంచాలి. ఇలా రెండు, అదృష్టముంటే మూడు కోతలు. వంటకి ముందు కోయండి. చేపల పులుసు దింపుతూ అప్పుడే కోసిన రెమ్మ తుంచి వేస్తే మూత పెట్టినా వాసన వీధిలోకి వెళ్తుంది.

బజారు కట్టకి వేళ్ళుంటాయి కదా, అవి నాటితే రావా?

నాలుగు ఆకులు వేస్తాయి, తర్వాత పువ్వు తీసి పోతాయి. తల్లివేరు తెగిన మొక్క సరిగ్గా కోలుకోదు. నారు పోసి తీసి నాటడం కూడా ఇందుకే దండగ.

ఆకు సన్నగా సోంపు ఆకులా మారి, నడిమి నుంచి కాడ లేస్తోంది. తుంచేస్తే ఆగుతుందా?

ఆగదు. పూతకి వెళ్తోంది. వేడి పెరిగినా, పగలు పొడుగైనా, వేరు ఇరుకైనా ఇదే పని చేస్తుంది. శివరాత్రి దాటాక వేసిన కుండీలు నెల తిరక్కుండానే కాడ లేపుతాయి, మన తప్పేమీ లేదు. ఉన్న ఆకు కోసుకుని కుండీ ఖాళీ చేయండి, ఒక్కదాన్ని మాత్రం వదిలేయండి. ఎందుకో ఆఖరి ప్రశ్నలో చెప్తాను.

మరి ఎండాకాలం?

గ్రీన్ నెట్ కట్టి, కుండీ చుట్టూ తడి గోనెలు చుట్టి, మార్చిలో కొంత లాగొచ్చు. రోహిణి కార్తెలో మాత్రం వదిలేయండి. రాజమండ్రి 45 డిగ్రీల వైపు చూస్తున్నప్పుడు కొత్తిమీర గింజ మట్టిలో కదలదు. ఆ కుండీల్లో తోటకూర చల్లుకోండి, నీడన పుదీనా పెట్టుకోండి. పుదీనాకి మన తడి చెయ్యి నచ్చుతుంది.

పువ్వొచ్చిన మొక్కని వదిలితే ధనియాలొస్తాయా?

వస్తాయి. గొడుగులా తెల్లటి పూలు విచ్చుతాయి, తేనెటీగలు వాలతాయి. తర్వాత పచ్చి ధనియాలు కడతాయి. కొన్ని పచ్చిగానే కోసి రోట్లో పచ్చిమిర్చి, ఉప్పుతో దంచి చూడండి, ఆకు ఘాటూ ధనియాల తీపీ రెండూ కలిసి ఉంటాయి. బజార్లో అది దొరకదు.

విత్తనానికైతే గుత్తులు గోధుమరంగుకి తిరిగేదాకా ఆగాలి. విత్తిన దగ్గర్నుంచి మూడు నెలలు, ఇంకాస్త. కోసి కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీయండి, గింజ దానంతటదే సంచిలోకి రాలుతుంది. నీడలో ఆరబెట్టి గాజు సీసాలో పోసి మూత బిగించండి. మన తేమకి సీసా తప్పనిసరి, గుడ్డమూటలో కడితే వానాకాలంలో బూజు పడుతుంది. మా ఇంట్లో ఆ సీసా వంటింటి అలమరలో ఉండేది. ఓసారి తెలియక మా ఆయన సాంబారు పొడికి వేయించేశారు. అప్పట్నుంచి దేవుడి గూట్లో, విబూది పక్కన పెడుతున్నాను.